వెనక రాసిన ఒక్క వరుస



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, సర్వీసు జ్ఞాపకాలు రాసేవారు చాలామంది ఉన్నారు కదా, మన ప్రాంత చరిత్ర గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. అయితే ఈ చరిత్ర వైపు నన్ను మళ్లించినది మా ఆఫీసులో జరిగిన ఒక చిన్న సంగతి. అందులో తప్పు నాదే. కనుక అక్కడి నుండే మొదలుపెడతాను.

ఆఫీసు గోడ గడియారం

1970 దశకం చివర ఆదోనిలో నేను గుమాస్తాగా చేరిన కార్యాలయంలో ఒక గంటల గడియారం ఉండేది. రెండడుగుల చెక్క పెట్టె, ముందు అద్దం తలుపు, లోపల ఇత్తడి లోలకం. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే రకం. ప్రతి సోమవారం ఉదయం మా దఫేదారు పెద్దాయన స్టూలు వేసుకుని ఎక్కి, తాళం చెవితో కీ ఇచ్చి, తలుపు మూసి, అద్దం తుడిచి దిగేవాడు. ఆయన సెలవు పెట్టిన వారం గడియారం ఆగిపోయేది. ఆఫీసు మాత్రం నడిచేది!

తరువాత బ్యాటరీ గడియారం వచ్చింది. పాతది ఒక మూలకు చేరింది. 1980 దశకంలో ఒక ఏడాది డెడ్ స్టాక్ రిజిస్టరు తనిఖీ జరిగి, పనికిరాని సామాను కండెమ్ చేయమని ఉత్తర్వు వచ్చింది. కేను ఊడిన కుర్చీలు, కాలు విరిగిన మేజాలు, ఒక పాత అలమర, ఈ గడియారం జాబితాకు ఎక్కాయి. జాబితా రాసినవాడిని నేనే. 'గోడ గడియారం – 1, పని చేయదు' అని రాశాను. అంతే రాశాను.

వేలానికి ముందు రోజు సామాను శుభ్రం చేయమన్నారు. గడియారం తలుపు తీస్తే వెనక పలకకు నాలుగైదు పాత కాగితపు చీటీలు అంటించి ఉన్నాయి. రిపేరు చేసిన ప్రతి ఒక్కరూ తమ పేరు, ఊరు, తేదీ రాసి అంటించిన చీటీలవి. సిరా వెలిసిపోయింది. చూడడానికి మురికిగా ఉన్నాయని బ్లేడుతో గీకి పారేశాను. మరునాడు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు. నూట ముప్పై రూపాయలకు పాట ఖరారయింది. సొమ్ము చలానా కట్టాము. ఫైలు మూసేశాము.

చాలా ఏళ్ల తరువాత ఒక పెళ్లిలో ఒక యువకుడు నా దగ్గరకు వచ్చాడు. "సార్, మా ఇంట్లో ఉండే గంటల గడియారం మీ ఆఫీసుదేనంట. మా నాయన వేలంలో పాడినాడంట. ఇప్పటికీ బాగా నడుస్తాంది. అది ఎప్పటిది సార్? యాడినుంచి వచ్చింది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పగలిగిన కాగితాలను గీకి పారేసినది నేనే అని మాత్రం అతనికి చెప్పలేకపోయాను.

రిటైరయ్యాక మన ఆదోని చరిత్ర చదువుతూ ఉండగా, సరిగ్గా దీనికి వ్యతిరేకమైన సంగతి ఒకటి కనబడింది. మూడు వందల సంవత్సరాల క్రిందట మన ఊరితో ముడిపడి, ఊరు దాటిపోయిన వస్తువులు ఈనాటికీ విదేశాల వేలంపాటల్లో, మ్యూజియాల్లో ఆదోని పేరు చెప్పుకుంటున్నాయి. కారణం, ఒక గుమాస్తా వాటి మీద ఒక్క వరుస రాసి ఉంచడమే.

సిద్ది మసూద్ ఖాన్ కొలువు

ఆదోని కోట విజయనగర రాజుల కాలంలో గట్టి స్థావరం. 1565 తళ్లికోట యుద్ధం తరువాత కొద్ది ఏళ్లకే బీజాపూరు ఆదిల్షాహీల చేతికి చిక్కింది. ఆ వంశపు చివరి దశలో ఇక్కడ అధికారం చేసినవాడు సిద్ది మసూద్ ఖాన్. ఆఫ్రికా సంతతివాడు. పన్హాలా కోట దగ్గర 1660లో శివాజీని ముట్టడించిన సిద్ది జౌహర్‌కు అల్లుడు. మామ తరువాత కర్నూలు, ఆదోని ప్రాంతాలు అతని చేతికి వచ్చాయి. బాలుడైన సికందర్ ఆదిల్షా పేర బీజాపూరు రాజ్య వ్యవహారాలు కొన్నాళ్లు నడిపి, అక్కడి తగాదాలతో విసిగి, 1683లో ఆదోనికి తిరిగి వచ్చేశాడు.

మన ఊళ్లో ఇప్పటికీ నిలిచి ఉన్న జామియా మసీదు ఆయన కట్టించినదే. నల్లరాతి పనితనం చూసినవారికి చెప్పనక్కరలేదు. బీజాపూరు 1686లోను, గోల్కొండ 1687లోను ఔరంగజేబు వశమయ్యాక మొగలు సేనలు ఆదోని మీద పడ్డాయి. ఫిరోజ్ జంగ్ కోటను ముట్టడించాడు. కోట లొంగలేదు. అప్పుడు ఫిరంగులను మసీదు వైపు తిప్పారనీ, ప్రాణం కన్న ఎక్కువగా చూసుకునే ఆ కట్టడం దెబ్బతినడం సహించలేక మసూద్ ఖాన్ లొంగిపోయాడనీ మన ప్రాంతంలో చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గాని, 1688-89 ప్రాంతంలో కోట మొగలుల వశమయింది. దానికి ఇంతియాజ్‌గఢ్ అని కొత్త పేరు పెట్టారు. పేరు నిలవలేదు, ఆదోని ఆదోనిగానే ఉంది.

కోటతో పాటు కోటలోని సొత్తు కూడా చేతులు మారింది. ఆయుధాలు, కవచాలు, చిత్తరువులు, చేతివ్రాత పుస్తకాలు. బీజాపూరు పతనమయ్యే కాలానికి ఆ రాజ్యపు పెద్ద సర్దారు కొలువు ఇది. కాబట్టి అక్కడి కళాసంపదలో కొంత ఇక్కడ ఉండడం సహజం.

ఆదోని నుండి బికనీరుకు

మొగలు సేనలో రాజస్థాన్ బికనీరు రాజు మహారాజా అనూప్ సింగ్ ఉన్నాడు. 1669 నుండి 1698 వరకు రాజ్యం చేసిన ఈయన జీవితంలో ఎక్కువ భాగం దక్కనులోనే గడిచింది. ఆదోని కోట బాధ్యత ఆయనకు అప్పగించారు. 1698లో ఆయన కన్నుమూసినది కూడా మన ఆదోనిలోనే. సంస్కృతం చదివిన విద్వాంసుడు. యుద్ధాల్లో చెల్లాచెదురయ్యే తాళపత్ర గ్రంథాలను, కాగితపు ప్రతులను సేకరించి బికనీరుకు పంపేవాడు. ఆయన పేరుమీదనే అక్కడ అనూప్ సంస్కృత గ్రంథాలయం నేటికీ ఉంది. దక్కనులో దొరికిన దేవతా విగ్రహాలను కూడా ఆయన భద్రపరిచి తీసుకుపోయాడనీ, జునాగఢ్ కోటలో 'ముప్పైమూడు కోట్ల దేవతల' గుడిలో ఉన్నవి అవేననీ బికనీరువారు చెబుతారు.

ఆయుధాలు, కవచాలు కూడా బికనీరు ఆయుధాగారం చేరాయి. మన కథకు అసలు ముఖ్యమైనది ఇక్కడే ఉంది. ఆ కవచాల మీద, శిరస్త్రాణాల మీద, కటారుల మీద సన్నని సూదిమొనతో చుక్కలు చుక్కలుగా పొడిచి దేవనాగరి అక్షరాలు రాయించారు. వాటిలో అనూప్ సింగ్ పేరు, ఆదోని పేరు, విక్రమ సంవత్సరపు అంకె కనబడతాయి. మన లెక్కలో అది 17వ శతాబ్దపు చివరి దశకానికి సరిపోతుంది. ఈ రోజుల్లో మనం బల్లకో, బీరువాకో తెల్లరంగుతో ఆఫీసు పేరు, నంబరు వేయించినట్లే అనుకోండి. స్టాక్ ఎంట్రీ అన్నమాట!

ఇరవయ్యో శతాబ్దంలో సంస్థానాలు విలీనమయ్యాయి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. దేశంలోని అనేక రాజకుటుంబాల వస్తువుల వలెనే బికనీరు వస్తువులు కూడా కొన్ని చేతులు మారి దేశం దాటాయి. ఇప్పుడు లండన్ వంటి చోట్ల పెద్ద వేలం సంస్థలు దక్కనీ కవచం ఒకటి పాటకు పెట్టినప్పుడు, కేటలాగులో ఆ చుక్కల రాతను చదివి, అర్థం రాసి, ఆదోని కోట సంగతి, అనూప్ సింగ్ సంగతి వివరంగా ముద్రిస్తారు. విదేశీ మ్యూజియాల్లో కూడా ఈ జాతి కవచాలు ఉన్నాయి. రాత లేని అదే కాలపు కవచం 'దక్కనీ, 17వ శతాబ్దం' అని పోతుంది. రాత ఉన్నదానికి ఊరు ఉంది, యజమాని ఉన్నాడు, సంవత్సరం ఉంది. పాటలో ధరకు కూడా ఇది తోడ్పడుతుందని వేరే చెప్పనక్కరలేదు.

మిత్రులు ఒకటి గమనించాలి. ఈ సొత్తు పోయినది యుద్ధంలో. దానిని మంచి పని అనలేము. కాని కొల్లసొత్తును కూడా లెక్క రాసి పెట్టుకున్నారు. మేము చట్టప్రకారం, నోటీసు ఇచ్చి, రసీదు ఇచ్చి అమ్మిన గడియారానికి ఆ పాటి రాత కూడా మిగల్చలేదు.

టిప్పు సొత్తు – శ్రీరంగపట్నం పాట

రెండవసారి ఆదోని సొత్తు కదిలినది వంద సంవత్సరాల తరువాత. అప్పటికి ఆదోని నిజాం ఆలీఖాన్ తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉండేది. 1782లో ఆయన మరణించాక కుమారుడు మహబత్ జంగ్ కోటలో ఉన్నాడు. 1786లో టిప్పు సుల్తాన్ నెల రోజుల పాటు కోటను ముట్టడించాడు. లోపలి కుటుంబాన్ని తప్పించగలిగారు గాని కోటను నిలుపుకోలేకపోయారు. టిప్పు కోట బురుజులను పడగొట్టించి, ఫిరంగులను, సామగ్రిని తన ఇతర కోటలకు తరలించాడు.

పదమూడేళ్లకు అదే గతి టిప్పు సొత్తుకు పట్టింది. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. అప్పటి ఇంగ్లీషు సైన్యంలో గెలిచిన సొత్తును పంచడానికి ఒక పద్ధతి ఉండేది. ప్రైజు ఏజెంట్లు అనే అధికారులు సొత్తును జాబితా వేసి, విలువ కట్టి, కొంత వేలంలో అమ్మి, వచ్చిన సొమ్మును హోదాల ప్రకారం పంచేవారు. టిప్పు బంగారు సింహాసనం ఆ పంపకంలో ముక్కలయింది. దాని మీది హుమా పక్షి ఇంగ్లండు రాజుగారి సేకరణకు చేరింది. అంచున ఉండే చిన్న పులి తలలు ఒక్కొక్కటి ఒక్కొక్కరి పాలయ్యాయి. వాటిలో ఒకటి 2009లో లండన్ బోన్హామ్స్ సంస్థ వేలానికి వచ్చింది. మనిషి మీద పడిన పులి బొమ్మ, తిప్పితే పులి గాండ్రింపు, మనిషి మూలుగు వినిపించే యంత్రం, లండన్‌లోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

2023 మే నెలలో అదే సంస్థ టిప్పు పడకగదిలో దొరికిన కత్తిని వేలం వేసింది. కోటీ నలభై లక్షల పౌండ్లకు పైగా పలికింది. ఉక్కుకు, దాని మీది బంగారు పనికి అంత ధర వస్తుందా? అది ఎవరిదో, ఎక్కడ దొరికిందో, ఎవరి చేతికి పోయిందో చెప్పే కాగితం తోడుగా ఉంది. ధర ఆ కాగితానిది కూడా.

కుంపిణీ కాలం – గడియారాలు, మేజాలు

టిప్పు పతనం తరువాత, 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంతో నిజాం మన ప్రాంతాన్ని ఇంగ్లీషు కుంపిణీకి దత్తం చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. థామస్ మన్రో 1807 వరకు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేశాడు. 1808లో దత్తమండలాలను రెండు జిల్లాలుగా విడదీసినప్పుడు ఆదోని బళ్లారి వైపుకు పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలోనే ఉండి, ఆ రోజున ఆలూరుతో పాటు కర్నూలు జిల్లాకు వచ్చింది. మన పాత రికార్డులు కొన్ని బళ్లారిలో, కొన్ని కర్నూలులో వెతుక్కోవలసి రావడానికి కారణం ఇదే.

దొరల కాలంలో వేలానికి ఇంకొక రూపం వచ్చింది. బదిలీ అయిన అధికారి తన బంగళా సామాను అంతా మోసుకుపోలేడు. వెళ్లే ముందు జాబితా వేసి వేలానికి పెట్టేవాడు. మేజాలు, చేతుల మీద కాళ్లు చాపుకునే పొడుగు కుర్చీలు, గాజు దీపాలు, గడియారాలు అలా స్థానిక వ్యాపారుల ఇళ్లకు చేరేవి. మన ఇంటి సామాను పేర్లు చూసినా ఈ చరిత్ర తెలుస్తుంది. అలమర పోర్చుగీసు మాట నుండి వచ్చింది. కుర్చీ అరబ్బీ నుండి వచ్చింది. హిందీ వారు వేలాన్ని నీలామ్ అంటారు, అది పోర్చుగీసు వారి 'లైలావ్' నుండి పుట్టిన మాట.

గడియారాన్ని మన ఊళ్లలో అవసరమైన వస్తువుగా మార్చినది రైలు. మద్రాసు నుండి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుండి వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆదోని ఆ మార్గం మీదనే ఉంది. పత్తి బేళ్లు రైలెక్కాయి. జిన్నింగు, ప్రెస్సింగు మిల్లులు వచ్చాయి. మిల్లు కూత ఊరికి టైము చెప్పింది. రైళ్లు మద్రాసు టైము ప్రకారం నడిచేవి. 1906 జనవరి 1 నుండి దేశమంతటికీ ఒకే టైము అమలులోకి వచ్చినప్పుడు మద్రాసు టైము గడియారాలను సుమారు తొమ్మిది నిముషాలు ముందుకు తిప్పవలసి వచ్చింది. సూర్యుడి లెక్కకు, ఈ టైముకు మన ఊళ్లో ఇంకా తేడా ఉంది. ఆదోనిలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో, ఏడాది సగటున, పన్నెండు దాటి ఇరవయ్యొక్క నిముషాలవుతుంది.

ఆ కాలంలో మన దేశానికి అమెరికా నుండి అన్సోనియా, సేథ్ థామస్, జర్మనీ నుండి యుంగాన్స్ వంటి కంపెనీల గడియారాలు ఓడల్లో దిగేవి. అన్సోనియా కంపెనీ కథ విచిత్రమైనది. 1929 ప్రాంతంలో వ్యాపారం దెబ్బతిని, గడియారాలు చేసే యంత్రాలనే సోవియట్ రష్యాకు అమ్మేసింది. కంపెనీ పోయింది గాని దాని గడియారాలు మన జిల్లాలో కోమటి అంగళ్లలో, బళ్లలో, కచేరీల్లో గంటలు కొడుతూనే ఉండేవి.

ఎమ్మిగనూరు – పాటకు రాని మగ్గం

వేలం అనగానే మన తరంవారికి గుర్తుకు వచ్చేది కోర్టు జప్తు. అప్పు తీర్చలేనివాడి ఇంటికి అమీను వచ్చేవాడు. ఇల్లూ పొలమూ వేలానికి వస్తే టముకు వేయించి ఊరికంతా చాటేవారు. చాలా కుటుంబాల్లో గంటల గడియారం, నగిషీ పెట్టె, రోజ్‌వుడ్ మంచం ఊరు దాటినది ఇలాగే.

అయితే మన మిత్రులలో చాలామందికి తెలిసిన సంగతే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్ని వస్తువులను జప్తు చేయరాదంటుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక, పక్కబట్టలు, మత ఆచారం ప్రకారం స్త్రీ వదులుకోరాని ఆభరణాలు, రైతు సేద్యపు పనిముట్లు, చేతివృత్తులవారి పనిముట్లు అందులో ఉన్నాయి. ప్రభుత్వ పెన్షను కూడా ఆ జాబితాలో ఉంది. కాబట్టి మనమంతా ఆ సెక్షనుకు ఒక నమస్కారం పెట్టుకోవచ్చు!

ఎమ్మిగనూరు వంటి నేతగాళ్ల ఊరికి ఈ సెక్షను విలువ చెప్పనలవి కాదు. నేతగాని ఇంట్లో గోడ గడియారం పాటకు పోవచ్చు, మగ్గం పోరాదు. అప్పులోళ్ల చేతుల్లో నలిగే నేతగాళ్లకు ఆసరాగా 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. ఆ దుప్పట్లు, తువ్వాళ్లు ఊరి పేరును దేశమంతటా వినిపించాయి. 1954లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం వచ్చింది.

కాని చట్టం కాపాడిన మగ్గాన్ని కాలం కాపాడలేదు. మగ్గం ఆగిన ఇళ్లలో గుంట పూడ్చి, చట్రం విప్పి, కట్టెలుగా అటక మీద పెట్టారు. పాత తలుపులు, స్తంభాలు, మగ్గపు చెక్కలు అలంకరణ కోసం కొనే వ్యాపారులు పల్లెల వెంట తిరుగుతున్న కాలమిది. తూకానికి అమ్ముడుపోయిన మగ్గం ఏదో పట్టణంలో హోటలు గోడకు వేలాడవచ్చు. దాని మీద ఎవరు నేశారో, ఏమి నేశారో అక్కడ చెప్పేవారెవరు?

సాలార్ జంగ్ గడియారం

ఒకచోటనే చేర్చి ఉంచిన సేకరణ విలువ తెలియాలంటే హైదరాబాదు పోవాలి. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో వారసులు లేకుండా మరణించారు. గడియారాలు, బల్లలు, బొమ్మలు, పుస్తకాలు లెక్కకు మించి ఉన్నాయి. పంపకాలు, పాటలు జరిగి ఉంటే అవన్నీ ప్రపంచం మీద చెల్లాచెదురయ్యేవి. అలా కాకుండా వాటిని వరుసగా అమర్చి 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో మ్యూజియంగా తెరిచారు. పండిట్ నెహ్రూగారు ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పటి భవనంలోకి మార్చారు.

అక్కడి సంగీత గడియారం ముందు గంట గంటకూ జనం గుమికూడడం మనమంతా చూసినదే. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరు దానికి ఉంది. గంట కొట్టే వేళకు గడ్డం మనిషి బొమ్మ బయటకు వచ్చి గంట వాయించి లోపలికి పోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. అదే గడియారం వేలంలో పోయి ఉంటే ఒక ధనవంతుని హాలులో ఆయన అతిథులకు మాత్రమే గంటలు కొట్టి ఉండేది.

మనం చేయగలిగినది

అందరి ఇళ్లలోనూ సాలార్ జంగ్ వస్తువులు ఉండవు. అయినా ఒక గడియారమో, తాతల నాటి పెట్టెనో, పడక కుర్చీనో ఉంటుంది. వాటి విషయంలో నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, పాత వస్తువును శుభ్రం చేసేటప్పుడు చీటీలు, ముద్రలు, గీసిన రాతలు తీయరాదు. గడియారం రిపేరుదారులు తేదీని లోపలి ఇత్తడి పలక మీద గీస్తారు, లేదా చీటీ అంటిస్తారు. అదే దాని సర్వీసు రిజిస్టరు.

రెండవది, వయస్సు ఊహించడానికి కొన్ని గుర్తులున్నాయి. 'మేడ్ ఇన్ జర్మనీ' అని ఉన్న గడియారం సాధారణంగా 1887 కన్న పాతది కాదు. పరదేశపు సరుకు మీద దేశం పేరు వేయాలన్న నియమం ఇంగ్లండులో ఆ ఏడాది చట్టంతో వచ్చింది. రోమను అంకెల్లో నాలుగుకు నాలుగు గీతలు ఉంటే తప్పు ముద్రణ అనుకోకండి, పాత గడియారాల్లో అదే వాడుక. మేజా సొరుగు పూర్తిగా బయటకు లాగి వెనక, అడుగున చూడండి. చేసినవారి పేరో, కంపెనీ చీటీయో ఉంటే అక్కడే ఉంటుంది.

మూడవది, చట్టం. 1972లో చేసిన పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో ఉంది. నూరేళ్లు దాటిన కళాఖండాలు, చేతిపని వస్తువులు, చారిత్రక ప్రాధాన్యం గల వస్తువులు, డెబ్బై అయిదేళ్లు దాటిన విలువైన వ్రాతప్రతులు దాని కిందకు వస్తాయి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించరాదు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. విగ్రహాలు, చిత్తరువుల వంటి కొన్ని తరగతులకు రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి. భూమిలో నిధి దొరికితే కలెక్టరుగారికి తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. వీధి వెంట వచ్చి 'పాత సామాను కొంటాం' అనేవారికి తొందరపడి ఇచ్చే ముందు ఇవి గుర్తుంచుకోవాలి.

నాలుగవది, అన్నిటికన్న ముఖ్యమైనది. ప్రతి పాత వస్తువుకు ఒక కాగితం రాసి పెట్టండి. ఇది ఏమిటి, ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎవరి తరువాత ఎవరికి వచ్చింది, ఎప్పుడు ఎవరు బాగుచేశారు. తెలిసినంత వరకే రాయండి. తెలియనిది కల్పించి రాయకండి. కాగితాన్ని కవరులో పెట్టి వస్తువు వెనకనో, సొరుగులోనో ఉంచండి. ఒక నకలు పిల్లలకు ఇవ్వండి. ఇప్పుడు సెల్‌ఫోనుతో ఫొటో కూడా తీసి పెట్టవచ్చు. జీవితమంతా రిజిస్టర్లు రాసినవారం. మన ఇంటి రిజిస్టరు రాయడానికి మనకన్న అర్హులు ఎవరున్నారు?

అమ్మవద్దని నేను అనడం లేదు. అవసరం మనిషిని ఎన్నిటినో అమ్మిస్తుంది. 1876-78 నాటి పెద్ద కరువులో మన బళ్లారి, కర్నూలు జిల్లాలలో జనం నగలు, పాత్రలు అమ్ముకుని గింజలు కొనుక్కున్నారు. వారిని తప్పుపట్టగలమా? అమ్మినా సరే, వస్తువుతో పాటు దాని కథను కూడా పంపండి. ఆదోని కవచం బికనీరు పోయింది, లండన్ పోయింది. కథ దాని ఒంటి మీద ఉండబట్టి ఆదోనిదిగానే ఉంది.

పెళ్లిలో నన్ను అడిగిన యువకుని ఇంటికి ఈ మధ్య వెళ్లాను. గడియారం హాలులో ఉంది. సోమవారం సోమవారం అతనే కీ ఇస్తున్నాడట. నాకు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాశాను: ఏ ఆఫీసులో ఉండేది, ఏ గోడకు ఉండేది, దఫేదారు పెద్దాయన ఎలా కీ ఇచ్చేవాడు, ఎన్ని రూపాయలకు పాట ఖరారయింది. చివర, దానిలోని పాత చీటీలను ఫలానా గుమాస్తా తెలియక గీకివేశాడని కూడా రాసి, కింద సంతకం చేశాను. అతను చదివి ఏమీ అనలేదు. కాగితాన్ని మడిచి, గడియారం తలుపు తీసి, వెనక పలకకు ఆనించి పెట్టాడు.

సభ్యులందరూ తమ ఇళ్లలోని పాత వస్తువుల గురించి ఒక్కొక్క వరుస అయినా రాసి పెట్టవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను.